మట్టి కాలువ, మంచి నీరు



అల్లవరం గోదావరి మధ్య డెల్టాకు శివారు ప్రాంతం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టా పొలాలకు నీరు అందించేవి కాలువలే. గట్టు వంకరగా ఉందని, గుర్రపుడెక్క పట్టిందని ఏ రైతూ నీరు వద్దనడు. చేనుకు కావలసింది నీరు.

విశ్వాసం విషయంలో మాత్రం మనం వేరుగా మాట్లాడతాం. "ఉపదేశిగారికి కోపం ఎక్కువ, ఆయన చెబితే వినేదేమిటి?" అంటాం. లేదా, "నేనే సరిగా లేను, పిల్లలకు జపం ఏం నేర్పను?" అని తండ్రి తప్పుకుంటాడు. ఈ రెండు మాటల వల్లా నష్టపోయేది బిడ్డలే.

ఈ ప్రశ్న పాతదే. 4వ శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికాలోని దొనాతు వర్గంవారు, హింసల కాలంలో జడిసి తప్పిపోయిన గురువుల చేతి సంస్కారాలు చెల్లవన్నారు. హిప్పో పీఠాధిపతి పునీత అగుస్తీనువారు దానికి ఒప్పుకోలేదు. చేయి ఎవరిదైనా జ్ఞానస్నానం ఇచ్చేవారు క్రీస్తు ప్రభువేనని బోధించారు. ఆయన చెప్పిన సామ్యం కూడా కాలువే: రాతి కాలువలో ఏమీ మొలవకపోయినా, దాని గుండా పారిన నీరు తోటను చేరుతుంది. తనను ఎరుగనని మూడుసార్లు బొంకిన పేతురుకే ప్రభువు తన మందను అప్పగించలేదా?

మన తెలుగునాటి చరిత్ర చూడండి. 1773లో 14వ క్లెమెంటు పాపుగారు యేసుసభను రద్దు చేయడంతో ఇక్కడి విచారణలకు గురువులు కరువయ్యారు. ఆ రోజుల్లో విశ్వాస దీపం ఆరిపోకుండా కాచినవారిలో ఉపదేశులు, తల్లిదండ్రులు ఉన్నారు. వారందరూ పునీతులేమీ కారు. తమకు వచ్చిన జపాలను బిడ్డలకు నేర్పారు, అంతే. మిగిలినది దేవుడు చేశాడు.

అలాగని కాలువ ఎలా ఉన్నా ఫరవాలేదని కాదు. వేసవిలో కాలువలు కట్టి పూడిక తీయకపోతే శివారు చేను ఎండుతుంది. మన పూడికతీత పాపసంకీర్తనం. ఇక ఇతరులకు హాని చేసే తప్పు గట్టుకు పడిన గండి వంటిది. దానిని కప్పిపుచ్చరాదు, వెంటనే అడ్డుకోవాలి.

తల్లులారా, తండ్రులారా! ఈ రాత్రి పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని జపమాల మొదలుపెట్టండి. నిన్నటి కోపం గుర్తుకొస్తే, "తప్పయింది నాన్నా" అని వారితో చెప్పి మరీ మొదలుపెట్టండి. ఆ మాట కూడా సువార్త బోధనే. నీరు మనది కాదు, ప్రభువుది. దానిని పారనిద్దాం. ఆమెన్.