చూచినవారు ఊరకుండలేదు



ఆగమన కాలం చివరి వారానికి వచ్చాం. తెనాలి బజారులో రంగురంగుల స్టార్లు వేలాడుతున్నాయి. బాపట్ల, రేపల్లె వైపు ఊళ్ళలో యువకులు పశువుల పాక కట్టడానికి వెదురు బొంగులు, తాటాకులు చేరవేస్తున్నారు. ఇళ్ళలో అరిసెలకు బియ్యం నానబోసే రోజులివి. సత్యోపదేశ తరగతి పిల్లలు ప్రతి సంవత్సరం అడిగే ప్రశ్ననే ఈసారి కూడా అడిగారు: "ఫాదర్, క్రిస్మస్ సెలవుల్లో ఏ సినిమా చూడమంటారు?"

ఈ మాట వింటే కొందరు పెద్దలు నొచ్చుకుంటారు. పండుగ ధ్యానానికి, సినిమాకు పొత్తేమిటని వారి అభిప్రాయం. పొత్తు ఉంది. పైగా అది చాలా పాతది.

1223వ సంవత్సరంలో అస్సీసిపుర పునీత ఫ్రాన్సిస్ వారికి ఒక కోరిక కలిగింది. బేత్లెహేములో బాలయేసు పడిన ఇక్కట్లను కంటితో చూడాలన్నదే ఆ కోరిక. ఇటలీలోని గ్రెచ్చో అనే చిన్న ఊళ్ళో ఒక తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద సిద్ధం చేయించారు. ఆ రాత్రి ఊరివారు దివిటీలు పట్టుకొని వచ్చారు. ఆ తొట్టి దగ్గరే దివ్యపూజ జరిగింది. ఫ్రాన్సిస్ వారు డీకనుగా సువార్త పాడి ప్రసంగించారు. అక్షరం ముక్క రాని రైతుకు కూడా ఆ రాత్రి దేవుని పేదరికం కళ్ళకు కట్టింది. 2019 డిసెంబరు 1న పోపు ఫ్రాన్సిస్ గారు అదే గ్రెచ్చోకు వెళ్ళి, ఈ ఆచారాన్ని ఇళ్ళలోను, పనిచేసే చోట్లలోను, ఆసుపత్రులలోను, చెరసాలలలోను నిలుపుకొమ్మని లేఖ వెలువరించారు.

కంటితో చూడాలన్న ఆ కోరికే తరువాతి కాలంలో సినిమా తెర మీదికి వచ్చింది. సినిమా పుట్టిన తొలి సంవత్సరాలలోనే క్రీస్తు జీవితాన్ని చిత్రంగా తీశారు. అలాంటి చిత్రం ఒకటి 1911 ప్రాంతంలో బొంబాయిలో చూచిన దాదాసాహెబ్ ఫాల్కే గారికి, మన పురాణ కథలను కూడా ఇలా చూపవచ్చునన్న ఆలోచన కలిగింది. ఆయన 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీశారు. సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంలో, 1995లో, రోము నగరం నుండి తిరుసభ 45 మంచి చిత్రాల జాబితాను ప్రకటించింది. కనుక చూడటం తప్పు కాదు. చూచిన తరువాత మనం ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న.

పిల్లలకు నేను మూడు సినిమాలు చెప్పాను. పెద్దలు కూడా వినండి.

మొదటిది 'కరుణామయుడు'. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనను మన తీరంలో ఎవరూ మరువలేరు. దివిసీమతో పాటు మన రేపల్లె, బాపట్ల ప్రాంతాలను కూడా అది తుడిచిపెట్టింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ ఏటి క్రీస్తు జయంతికి మా ఊళ్ళో ఒక్క ఇంటికీ స్టారు కట్టలేదు. మరుసటి సంవత్సరం, 1978 డిసెంబరులో, 'కరుణామయుడు' విడుదలైంది. క్రీస్తుగా విజయచందర్ గారు నటించారు. దర్శకులు భీంసింగ్ గారు చిత్రం విడుదల కాకముందే కన్నుమూశారు. ఫ్రాన్సిస్కన్ సభ గురువు క్రిస్టఫర్ కొయెలో గారు ఈ చిత్ర నిర్మాణంలో పాలుపంచుకున్నారు. అంటే గ్రెచ్చోలో తొట్టి పెట్టించిన పునీతుని బిడ్డ ఒకరు, మన తెలుగువారికి ప్రభువును తెర మీద చూపడానికి సాయపడ్డారన్నమాట. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన జగ్గయ్య గారు కూడా అందులో నటించారు.

కొన్నేళ్ళ తరువాత మా దేవాలయ ఆవరణలో తెర కట్టి ఆ సినిమా ఆడించారు. కథోలికులతో పాటు హైందవులు, ముస్లిములు అందరూ చాపలు తెచ్చుకొని నేల మీద కూర్చున్నారు. ముందు వరుసలో ఒక అవ్వ ఉంది. ఉప్పెనలో కొడుకులిద్దరినీ పోగొట్టుకున్న మనిషి. తెర మీద ప్రభువు సిలువ మోస్తూ పడిపోయినప్పుడు ఆమె ఒక్కసారిగా లేచింది. పక్కనున్న చెంబు తీసుకొని, "అయ్యో నాయనా, కాసిని మంచినీళ్ళు తాగు" అంటూ తెర వైపు నడిచింది. జనం నవ్వారు. మా ఉపదేశి మాత్రం నవ్వలేదు. ఆమెను చేయి పట్టుకొని తెచ్చి కూర్చోబెట్టి, "ఇంతమందిలో అవ్వ ఒక్కతే సినిమా సరిగా చూచింది" అన్నారు.

ఆ మాటకు అర్థం నాకు సెమినరీలో తత్వశాస్త్రం చదువుకునే రోజుల్లో తెలిసింది. పునీత అగుస్తీను వారు తమ 'ఒప్పుకోళ్ళు' గ్రంథం మూడవ భాగంలో, కార్తేజి నగరంలో తాము చదువుకునేటప్పుడు నాటకాల మీద ఉండిన మోజును గురించి చెప్పుకున్నారు. రంగస్థలం మీద పరులు పడే బాధను చూచి మనిషి ఎందుకు ఏడుస్తాడు, ఏడ్చి ఎందుకు సంతోషిస్తాడు అని ఆయన తర్కించారు. అక్కడ కూర్చున్నవానిని ఎవరూ సాయానికి పిలవరు, దుఃఖించమని మాత్రమే పిలుస్తారు అన్నది ఆయన పరిశీలన. కన్నీరు కార్చి ఇంటికి పోతే చాలు, చేతికి పని లేదు. మనది నాటకాల సీమ. తెనాలిని ఆంధ్రా పారిస్ అన్నారు. నాటకం చూచి ఏడ్వడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడ్చిన తరువాత చెంబు పట్టుకొని లేవడం ఆ అవ్వ దగ్గర నేర్చుకోవాలి. తెర మీది ప్రభువుకు నీళ్ళు అందవు, నిజమే. అయితే దాహంతో ఉన్న నా సోదరునికి ఇచ్చినది నాకిచ్చినట్లేనని ఆయనే సెలవిచ్చారు గదా!

రెండవ సినిమా పేరు చెబితే పిల్లలు నవ్వారు. అది 'మిస్సమ్మ'. 1955లో వచ్చిన ఈ చిత్ర నిర్మాతలలో ఒకరైన చక్రపాణి గారు మన తెనాలివారే. ఇది క్రిస్మస్ సినిమా కాదు. అయినా పండుగ పూట ఇంటిల్లిపాదీ కూర్చొని చూడదగినది. ఇందులో సావిత్రి గారు పోషించిన మేరీ క్రైస్తవ కుటుంబంలో పెరిగిన అమ్మాయి. ఇంటివారు చేసిన అప్పు ఆమె మెడకు చుట్టుకుంటుంది. అప్పిచ్చిన డేవిడ్ ఆమెను పెళ్ళాడమని వేధిస్తుంటాడు. ఆ అప్పు తీర్చడానికే ఆమె వేరొకరి భార్యనని అబద్ధమాడి కూడా ఉద్యోగంలో చేరుతుంది. చేరిన చోట హైందవ జమీందారు దంపతులు ఆమెను కన్నకూతురిలా చూచుకుంటారు. ఆమె మరియమాతను వేడుకుంటూ పాడే పాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ మేరీకి పరాయి ఇంట చోటు దొరికింది. బేత్లెహేములో మన మరియమ్మకు సత్రంలో చోటు దొరకలేదు. నెలలు నిండిన స్త్రీని గడప దగ్గర చూచి కూడా లోపలికి రమ్మనలేకపోయారు. మన పక్కింటివారు ఏ మతమైనా, ఏ కులమైనా, మన గడపలో వారికి చోటుందా అని ఆ సినిమా నవ్విస్తూనే అడుగుతుంది.

మూడవది ఇంగ్లీషు సినిమా, 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. 1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన ఈ చిత్రం, నేను పైన చెప్పిన తిరుసభ జాబితాలో ఉంది. కథ చిన్న ఊరిది. జార్జి బెయిలీ అనే మంచివాడు పేదలకు ఇళ్ళ కోసం అప్పులిచ్చే చిన్న సంస్థను నడుపుతుంటాడు. సరిగ్గా క్రిస్మస్ ముందు రోజు ఎనిమిది వేల డాలర్లు కనబడకుండా పోతాయి. పరువు పోతుంది, జైలు తప్పదనుకొని, ప్రాణం తీసుకోవడానికి వంతెన మీదికి వెళతాడు. ఒక దేవదూత అడ్డుపడతాడు. అతడు పుట్టి ఉండకపోతే ఎందరి బ్రతుకులు ఏమైపోయేవో చూపిస్తాడు. ఇంటికి తిరిగి వచ్చేసరికి ఊరంతా తమ దగ్గరున్న కాసిని డబ్బులు తెచ్చి అతని బల్ల మీద పోస్తుంటారు. డబ్బు పోవడానికి కారకుడైన ధనికునికి మాత్రం మనసు కరగదు. ఊరి మనసు కరిగింది. అది చాలింది.

సహోదరులారా, ఈ కథ అమెరికాలో జరిగిందని తీసివేయకండి. ఇది మన డెల్టా కథ. మనకు క్రీస్తు జయంతి, వరి కోతలు, తుఫానులు అన్నీ ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చేతికి రావలసిన పంట నీళ్ళలో పడుకుంది. భూమి ఒకరిది, చెమట మరొకరిది. పంట మునిగినా కౌలు మునగదు, వడ్డీ మునగదు. ఎరువుల దుకాణంలో ఖాతా అలాగే ఉంటుంది. ఆ ఏడు పశువుల పాక కట్టే యువకులు వచ్చి, "ఫాదర్, ఊళ్ళో గడ్డంతా తడిసి నల్లబడింది. మంచి గడ్డి ఎక్కడైనా కొని తెమ్మంటారా?" అని అడిగారు. అక్కడే ఉన్న ఒక కౌలు రైతు, "ఎందుకయ్యా కొనడం? మా చేలో గడ్డే వేయండి. స్వామి ఎక్కడ పడుకోవాలో ఆయనకు తెలుసు" అన్నాడు. ఆ సంవత్సరం బాలయేసు స్వరూపం నల్లబడిన గడ్డి మీదే ఉంది. గ్రెచ్చోలో తొట్టి పెట్టి అప్పటికి సరిగ్గా 800 సంవత్సరాలు. అంతకన్న మంచి జ్ఞాపకార్థం నాకు తెలియదు.

అప్పు గురించి బాహాటంగా మాట్లాడటం మనకు నామోషీ. పండుగ దగ్గరపడే కొద్దీ ఆ నామోషీ ఇంకా పెరుగుతుంది. పిల్లలకు కొత్త బట్టలు కొనలేని తండ్రి గుడికి రావడమే మానేస్తాడు. ఆడపడుచుకు చీర పెట్టలేని అన్న ఫోను ఎత్తడు. ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని తలుపు వేసుకునే మనిషి ఒక్కోసారి ఆ తలుపు మళ్ళీ తీయడు. ఆ వార్త మరునాడు పత్రికలో రెండు వాక్యాలుగా వస్తుంది. జార్జి బెయిలీ దగ్గరకు దేవదూత వచ్చాడు. మన ఊళ్ళో ఆ పని ఎవరు చేయాలి?

లూకా సువార్త రెండవ అధ్యాయం చదవండి. దేవదూతలు పాడిన పాటను గొల్లలు కన్నులారా చూచారు, చెవులారా విన్నారు. అంతటి దృశ్యం ఏ తెర మీదా ఎవరూ చూచి ఉండరు. అయినా వారు ఆకాశం వంక చూస్తూ అక్కడే కూర్చోలేదు. బేత్లెహేముకు పోదాం రండని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. త్వరత్వరగా వెళ్ళారు. మరియమ్మను, జోజప్పను, తొట్టిలో శిశువును కనుగొన్నారు. ఆ రాత్రి ఇల్లు లేని ఆ కుటుంబానికి వచ్చిన తొలి చుట్టాలు వారే. చూచినవారు ఊరకుండలేదు. అదే క్రీస్తు జయంతి.

మన పండుగ ఆచారాలన్నీ ఇందుకే పుట్టాయి. స్టారు కట్టడం ఇంటి సొగసుకు కాదు. ఈ ఇంటి తలుపు తీసి ఉందని చెప్పడానికి. పొరుగువారికి అరిసెలు పంపడం మన కలిమి చూపడానికి కాదు. వారు సంక్రాంతికి, రంజానుకు పంపినప్పుడు మనం తీసుకున్నట్లే మన సంతోషాన్ని వారితో పంచుకోవడానికి. ఇక క్యారల్స్ బృందాల యువకులకు ఒక మాట. ఆ ఏడు మరణం జరిగిన ఇంటికి స్టారు కట్టరు. చీకటిగా ఉందని మీరు ఆ ఇల్లు దాటి పోతారు. ఈసారి మొదట ఆ ఇంటికే వెళ్ళండి. డప్పు, గిటారు బయట పెట్టి, మెల్లగా ఒక్క పాట పాడండి. చందా డబ్బా మాత్రం చాపకండి.

కుటుంబ పెద్దలకు మూడు మనవులు. ఒకటి, పండుగ నాడు ఒక్క సినిమా అయినా ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. ఇప్పుడు ఒకే ఇంట్లో నలుగురు నాలుగు ఫోన్లలో నాలుగు సినిమాలు చూస్తున్నారు. మూలగదిలో ముసలి తల్లి ఒంటరిగా గోడ వంక చూస్తుంటుంది. ఆమెను తెచ్చి మధ్యలో కూర్చోబెట్టండి. పిల్లలు విదేశాలకు పోయి ఒంటరిగా మిగిలిన పొరుగింటి దంపతులను కూడా పిలవండి. రెండు, మీకు ఎవరైనా బాకీ ఉంటే, ఆ మనిషికి నిజంగా కష్టం వచ్చిందని మీకు తెలిసి ఉంటే, ఈ నెల వడ్డీ వదిలి పెట్టండి. ఆ మాట మీరే వెళ్ళి చెప్పండి. పరలోక జపంలో మన ఋణములను మన్నించమని దేవుణ్ణి రోజూ అడుగుతున్నాం గదా. మూడు, ఆగమన కాలంలో పిల్లలు చేసిన ప్రతి మంచిపనికి తొట్టిలో ఒక గడ్డిపరక వేసే పాత ఆచారాన్ని మీ ఇంట మొదలుపెట్టండి. అర్ధరాత్రి పూజకు బయలుదేరేలోగా ఆ తొట్టి మెత్తబడాలి.

బ్రతుకు భారమనిపిస్తున్నవారు ఈ పంక్తులు చదువుతుంటే వారికి నా మాట ఇది. అమ్మా, నాయనా, మీరు పుట్టడం దేవునికి పొరపాటున జరిగిన పని కాదు. ఎంత రాత్రయినా మీ విచారణ గురువు తలుపు తట్టండి. సిస్టర్ల మఠం తలుపు తట్టండి. పక్కింటి తలుపు తట్టండి. పేద కుటుంబంలో, అద్దెకు గది కూడా దొరకని రాత్రి పుట్టిన దేవుడు మీ కష్టం ఎరిగినవాడు.

ఓ బాలయేసువా, నిన్ను చూడాలని మా కన్నులు కోరుతున్నాయి. చూచిన తరువాత లేచి నడిచే కాళ్ళను, చాచే చేతులను కూడా మాకు దయచేయండి. తడిసిన పంటను, తీరని అప్పును, ఒంటరి ముసలితనాన్ని మీ తొట్టి దగ్గరకు తెస్తున్నాం. మమ్ములను ఒకరి తలుపు ఒకరం తట్టేవారినిగా చేయండి. మరియమాత, పునీత జోజప్పగారు మన కుటుంబాలకు తోడుండెదరుగాక. ఆమెన్.

మీకు, మీ పిల్లాపాపలకు క్రీస్తు జయంతి శుభాకాంక్షలు.