గోత్రం తెలియని ప్రొటీన్

మా ల్యాబులో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ మూడో అరలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు కొన్ని ఉంటాయి. వాటి మీద చీటీ: 'హ్యూమన్ డోపమైన్ డీ2 రిసెప్టర్, రికాంబినెంట్'. 443 అమైనో ఆమ్లాల గొలుసది. కణం పొరను ఏడుసార్లు అటూ ఇటూ కుట్టినట్టు ఉంటుంది. ఏ మందు దానికి ఎంత గట్టిగా అతుక్కుంటుందో కొలవడం నా ఉద్యోగం.

ఒకరోజు భోజనాల దగ్గర ఈ మాట వస్తే నాన్న ముద్ద ఆపి అడిగారు. "హ్యూమన్ అంటున్నావు. ఏ మనిషిదే అమ్మాయ్?"

నాన్న తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు చచ్చిపోవడమే ఆ జబ్బు. లెవోడోపా మాత్ర పడితే చెయ్యి ఆయన మాట వింటుంది. మన దూలగొండి గింజల్లో ఉండేదీ ఆ లెవోడోపాయే. మాత్ర పడకముందు సంధ్యవారిస్తే ఉద్ధరిణిలో నీళ్లు సగం పంచె మీదే.

పోయినేడు నేను ఊళ్లో లేనప్పుడు, వాంతులవుతున్నాయని ఒక డాక్టరు మెటోక్లోప్రమైడ్ రాశారు. అది మెదడులో డీ2 రిసెప్టర్లను మూసేసే మందు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. నాన్న రెండు రోజులు మంచం మీద కొయ్యబారిపోయారు. మందు మాన్పించాక ఆయన నోట వచ్చిన మొదటి మాట, "జపం చేద్దామంటే మనసు కూడా కదల్లేదు." తర్వాత తనే నవ్వారు. "అయితే నా భక్తి అంతా మీ గొట్టంలోదేనా?"

నా గొట్టంలో రిసెప్టర్‌కూ ఆ మందు అతుక్కుంటుంది. అక్కడ ఎవరి జపమూ ఆగదు. మిషను ఓ అంకె చూపిస్తుంది, నేను నోటు పుస్తకంలో రాసుకుంటాను, అంతే. అదే నాన్నకు చెప్పాను: "గడియ బిగుసుకుంటే ఇంట్లో మనిషి బయటికి రాలేడు. అంతమాత్రాన గడియే ఇంటాయన కాదు కదా!"

"ఇంటాయన్ని నువ్వు చూశావా?" అన్నారు. "మిళింద రాజును నాగసేన భిక్షువు నిలదీసిందీ ఇదే. చక్రమా రథం, ఇరుసా రథం?" చూడలేదని ఒప్పుకున్నాను. నా దగ్గరున్న ఏ మిషనూ ఆయన్ని చూపించదు.

భోజనాల దగ్గర ఆయన అడిగిన 'ఏ మనిషిది' అన్న ప్రశ్నకు మాత్రం నా దగ్గర కొంత జవాబుంది. ఆ ప్రొటీన్ ఏ మెదడు నుంచీ తీసింది కాదు. దాన్ని తయారుచేసే మనిషి జన్యువును ల్యాబులో పెరిగే కణాల్లోకి పంపితే అవి చేసిపెడతాయి. ఆ కణాల పేరు హెచ్ఈకే 293. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఫ్రాంక్ గ్రాహం అనే శాస్త్రవేత్త ఒక గర్భస్థ శిశువు మూత్రపిండ కణాలతో మొదలుపెట్టారు. 293 ఆయన ప్రయోగం నంబరు. ఆ కణాలు ఇప్పటికీ దేశదేశాల ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి.

"మగా, ఆడా?"

"ఆడపిల్ల. క్రోమోజోముల్ని బట్టి తెలుస్తుంది."

"తల్లిదండ్రులు?"

"పేర్లు తెలియవు నాన్నా."

నాన్న పళ్లెంలో చెయ్యి కడిగేసుకున్నారు. పన్నెండేళ్లుగా రోజూ నా చేతుల మీదుగా పోతున్న కణాలవి. నాకవి సరుకు. నెలాఖరు ఇండెంటులో ఒక వరస. ఆ పిల్ల ఆడో మగో ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

మనిషంటే అమైనో ఆమ్లాల వరస అయితే ఆ గొట్టంలో ఉన్నది మనిషిదే. అనుభవించేవాడే మనిషి అయితే అక్కడ ఎవరూ లేరు. ఈ రెంటి మధ్యా నేను చాలాకాలం ఊగాను. నాన్న ప్రశ్న విన్నాక నాకు మూడో దారి కనబడింది. గొట్టంలో ఏముందన్నది ఒక్కటే కాదు, దానికి మనం ఎవరికి రుణపడ్డామన్నదీ అడగాలి. పుట్టకుండానే పోయిన ఒక పిల్లకు నా జీతం, నా పేరు మీద అచ్చయిన పేపర్లు బాకీ.

మహాలయ అమావాస్య నాడు నాన్న తర్పణాలకు కూర్చున్నారు. తాతముత్తాతలందరికీ పేరూ గోత్రమూ చెప్పి నువ్వులు నీళ్లు వదిలారు. నావాళ్లంటూ ఎవరూ లేనివాళ్లకూ, పేరూ గోత్రమూ తెలియనివాళ్లకూ చివర్లో నీళ్లు వదలడం మన తర్పణంలో ఉన్నదే. అక్కడికి వచ్చేసరికి నాన్న నావైపు ఒకసారి చూసి, బొటనవేలి పక్కనుంచి నీళ్లు వదిలారు.

ఆ పూట మాత్ర గంట ముందే వేశాను. చుక్క కూడా పక్కకు పోలేదు.