చెప్పడమా, అడగడమా?

ఒక మనిషికి మంచి జరగాలని మనం కోరుకుంటే, ఆ మంచిని బలవంతంగానైనా ఆ మనిషి చేత చేయించే హక్కు మనకు ఉంటుందా? పోయిన సంవత్సరం వరకు ఉంటుందనే అనుకునేదాన్ని. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. ఎందుకో చెప్తాను.

మాది హోసూరు. మా నాయన ఒక కంపెనీలో మిషన్ దగ్గర పని చేస్తారు. పోయిన సంవత్సరం ఆయనకు షుగర్ ఉందని తేలింది. రోజూ అరగంట నడవాలని డాక్టరు చెప్పినారు. నడిపించే బాధ్యత నేను తీసుకున్నాను. క్యాలెండరు పక్కన ఒక అట్ట తగిలించి, నడిచిన రోజు పచ్చ గుర్తు, నడవని రోజు ఎర్ర గుర్తు పెట్టేదాన్ని. "నాయనా, నడిస్తివా?" అని అడిగేదాన్ని. "నడిస్తినమ్మా" అనేవారు. అట్టంతా పచ్చగా నిండిపోయింది.

ఒక సాయంత్రం ట్యూషన్ నుంచి వస్తుంటే, నాయన చెరువు దగ్గర టీ అంగట్లో కూర్చుని కనిపించినారు. ఇంటికి వచ్చి మామూలుగానే "నడిస్తిని" అన్నారు. నాకు కోపం ఆగలేదు. పక్కింటి అత్త ఉండగానే, "అబద్ధం చెప్తా ఉండావు. తాత మాదిరి నీ కాలు కూడా తీసేస్తేగానీ బుద్ధి రాదా?" అనేసినాను. నాయన ఏమీ అనలేదు. ఆ రాత్రి సంగటి ముద్ద అట్లే వదిలేసి లేచిపోయినారు.

నేను అన్నది ఆయన మంచికే. అయినా నాకు నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు మా పి.టి. సారుతో ఈ సంగతి చెప్పినాను. సారు ఒకే ప్రశ్న వేసినారు: "ఆయన ఎందుకు నడవలేదో ఎప్పుడన్నా అడిగినావా?" నడిస్తివా అని నూరుసార్లు అడిగినాను గానీ, ఎందుకు నడవలేదని ఒక్కసారి కూడా అడగలేదు.

అప్పుడు సారు నాకు తెలియని విషయం ఒకటి చెప్పినారు. విలియం మిల్లర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తాగుడు మానలేనివారితో ఎట్లా మాట్లాడాలో 1983లో ఒక వ్యాసం రాసినారు. తర్వాత 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి దానిమీద పుస్తకం తెచ్చినారు. ఆ పద్ధతి పేరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్. ఈరోజు వ్యాయామం నేర్పేవాళ్లు కూడా దాన్ని వాడుతున్నారు. అందులో ముఖ్యమైన మాట ఇది: మారాలా వద్దా అని ఊగిసలాడే మనిషితో మనం "మారు, మారు" అని వాదిస్తే, ఆ మనిషి మారకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. మారడానికి కారణం అతని నోటి నుంచే రావాలి. మన పని అడగడం, వినడం.

ఆదివారం నాయన పక్కన కూర్చుని ముందు తప్పయిందని చెప్పినాను. తర్వాత సారు నేర్పినట్టే అడిగినాను. "నాయనా, నడవడం నీకెంత ముఖ్యం? సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పు." "నాలుగు" అన్నారు. పది ఎందుకు కాదు అని నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. "సున్నా ఎందుకు కాదు నాయనా?" అన్నాను.

నాయన కొంచెం సేపు చూసి, "మా నాయన కాలు తీసినప్పుడు ఆసుపత్రిలో పక్కన ఉండింది నేనే. నీకు ఆ పని పెట్టకూడదని ఉంది" అన్నారు. నేను ఆయన్ను భయపెట్టడానికి వాడిన మాటే, ఆయన గుండెలో ఎప్పటినుంచో ఉంది.

నడవకపోవడానికి కారణం కూడా చెప్పినారు. మిషన్ దగ్గర 8 గంటలు నిలబడి వచ్చేసరికి మడమలు లాగుతాయట. కట్టమీద నడిస్తే తోటి పనివాళ్లు "ఏమి, షుగరా?" అంటారట. ఆయనది కాంట్రాక్టు పని. రోగమని తెలిస్తే పనిలో ఉంచుతారో లేదోనని భయం.

"ఒక మాట చెప్పనా?" అని అడిగి, సరే అన్న తర్వాత చెప్పినాను. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు వేగంగా నడవడం లాంటి శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అది ఒక్కసారిగానే చేయాలని లేదు. నాయనే లెక్క వేసినారు. మా వీధిలోనే తిన్న తర్వాత 10 నిమిషాలు, రోజుకు మూడుసార్లు, వారానికి 5 రోజులు. 150 సరిపోయింది. "మరి మీ పిల్లలకెంత?" అన్నారు. రోజుకు 60 నిమిషాలని చెప్పి తల దించుకున్నాను. పదో తరగతి అని నేను ఆటస్థలానికే పోవడం లేదు.

నాకొక సందేహం మిగిలింది. నా పని జరగాలని తీయగా ప్రశ్నలు అడిగితే, అది కూడా ఒక రకం మోసమే కదా? సారును అడిగినాను. "అన్నీ విన్నాక కూడా ఆయన వద్దంటే ఒప్పుకునే మనసు నీకుందా? ఉంటే సహాయం. లేకుంటే తంత్రం" అన్నారు. నిజం చెప్పాలంటే, నాకు ఆ మనసు పూర్తిగా రాలేదు. నాయన వద్దంటే ఇప్పటికీ ఏడుపు వస్తుంది.

మరి ఆపద కళ్ల ముందు కనిపిస్తున్నా నోరు మూసుకోవాలా అని మీరు అడగవచ్చు. రోడ్డుమీదికి పరుగెత్తే పిల్లవాడిని అడగకుండానే లాగుతాము, అది సరైనదే. కానీ అది ఒక్క క్షణం పని. నడక రోజూ చేయాల్సిన పని, నాయన బదులు నేను నడవలేను. అందుకే తెలిసిన నిజం దాచకుండా చెప్పాలి, తీర్మానం మాత్రం వారికి వదలాలి. "చెప్పేవాడికి వినేవాడు లోకువ" అని మా అవ్వ అంటుంది. వినేవారిని లోకువ చేసి చెప్పిన మంచి, నాయన విషయంలో అబద్ధంగానే తిరిగి వచ్చింది.

ఇప్పుడు గోడమీద అట్ట లేదు. నాయన కొన్ని రోజులు నడుస్తారు, కొన్ని రోజులు నడవరు. నిన్న నేను అడగకముందే "ఈరోజు కాలేదమ్మా, మడమ నొప్పి" అన్నారు. నీళ్లు కాచి ఇచ్చినాను.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇట్లాంటివారు ఉంటే, ఈ రాత్రి ఏమీ చెప్పకండి. ఒక్కసారి ఎందుకని అడిగి, చివరిదాకా వినండి.