సముద్రం ఆవలి నుంచి తలాఖ్

హంసలదీవి పక్కన పాలకాయతిప్ప తీరంలో నిలబడితే కృష్ణానది సముద్రంలో కలిసే చోటు కనిపిస్తుంది. ఆ తర్వాత కనుచూపు మేరా నీరే. ఆ నీటికి ఆవల ఎన్నో దేశాలలో మన పిల్లలు బ్రతుకుతెరువు కోసం శ్రమిస్తున్నారు. ఈ తీరానికి సముద్రయానం కొత్త కాదు. 17వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తానుల కాలంలో, ఇక్కడికి ఉత్తరాన ఉన్న మచిలీపట్నం రేవు నుంచి ఓడలు ఎర్రసముద్రం దాకా వెళ్ళేవి. సరుకుతోపాటు హజ్ యాత్రికులూ వాటిలో ప్రయాణించేవారు. ఆనాడు అక్కడి కబురు ఇల్లు చేరాలంటే నెలలు పట్టేది. నేడు క్షణం చాలు. కుశలవార్త ఎంత వేగంగా వస్తుందో తలాఖ్ మాట కూడా అంతే వేగంగా వస్తోంది.

దివిసీమలో ఒక ఇంటిని ఊహించుకుందాం. అమ్మాయి పెళ్ళయి మూడేళ్ళయింది. ఒడిలో బిడ్డ ఉంది. భర్త గల్ఫ్‌లో ఉన్నాడు. ఒకరోజు ఆమె ఫోనుకు మూడు ముక్కల సందేశం వస్తుంది. మహర్ ఇంకా బాకీ ఉంది. అత్తవారింటికి వెళ్ళి అడిగితే, “వాడు చెప్పేశాడు కదమ్మా, మధ్యలో మేమేం చేస్తాం?” అంటారు. మరో ఇంట్లో అల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడి కోర్టు నుంచి ఇంగ్లీషులో ఒక కవరు వస్తుంది. వీసా లేదు, వకీలుకు ఇచ్చే డబ్బు లేదు. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పే మనిషి కూడా ఇంట్లో లేడు.

ఇక్కడ మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. దూరదేశంలో ఉన్నవాడు భార్యతో విడిపోదలిస్తే, ఆ దూరం వల్ల అతని బాధ్యత తగ్గుతుందా? పెరుగుతుందా?

ఈ సమస్య దైవప్రవక్త (స) కాలంలోనే ఎదురైంది. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) భర్త యమన్‌కు వెళ్ళి, అక్కడి నుంచి ఆమెకు మిగిలిన చివరి తలాఖ్‌ను కబురు చేశారు. ఆయన మనుషులు ఆమెకు కొంచెం బార్లీ ఇచ్చారు. ఆమె అసంతృప్తి చెంది నేరుగా దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళింది. ఆమెకు భరణం రాదని ఆయన చెప్పారు. కాని అంతటితో పంపివేయలేదు. ఇద్దత్ కాలం ఎవరి ఇంట గడపాలో సూచించారు. గడువు ముగిశాక ఉసామా (రజి)తో వివాహానికి సలహా ఇచ్చారు. ఆమె భరణం, వసతుల విషయంలో ధర్మవేత్తలు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. హజ్రత్ ఉమర్ (రజి) ఆమె చెప్పిన దానిని ఆధారంగా స్వీకరించలేదు. హనఫీ పండితులు ఇద్దత్‌లో వసతి, ఖర్చులు రెండూ ఇవ్వాలంటారు. ఆ చర్చ ఎలా ఉన్నా, ఆ కబురు అందిన స్త్రీ ఒంటరిగా మిగిలిపోలేదు. అడగడానికి ఆమెకు ఒక వాకిలి ఉండింది. నేడు దివిసీమలోని ఆ అమ్మాయికి ఏ వాకిలి ఉంది?

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు భార్యలను విడిచి దూరప్రాంతాలలో ఉన్న పురుషుల గురించి సేనానులకు ఉత్తరం వ్రాశారు. భార్యలకు ఖర్చులు పంపించాలి, లేదా తలాఖ్ ఇవ్వాలి. తలాఖ్ ఇస్తే అప్పటివరకు బాకీపడ్డ ఖర్చులు కూడా పంపాలి. ఇదీ ఆ ఉత్తరంలోని ఆదేశం. యుద్ధభూమిలో ఉన్నవాడికి కూడా దూరం సాకు కాలేదన్నమాట.

విడాకులకు ముందు ఇరువైపుల నుంచి మధ్యవర్తులు కూర్చోవాలని దివ్యఖుర్ఆన్ (4:35) ఆదేశిస్తోంది. న్యాయవర్తనులైన ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోమంటోంది (65:2). ఇద్దత్‌లో స్త్రీని ఇంటి నుంచి వెళ్ళగొట్టవద్దని, ఆ తర్వాత అల్లాహ్ ఏదైనా కొత్త మార్గం చూపవచ్చునని చెబుతోంది (65:1). ఒకే కప్పు కింద ఉంటే కోపం చల్లారవచ్చు. బిడ్డ ఏడుపు విని మనసు కరగవచ్చు. ఫోనులో తలాఖ్ చెప్పేవాడు ఈ తలుపులన్నీ ఒక్కసారిగా మూసేస్తున్నాడు. ఉంచుకుంటే మర్యాదగా ఉంచుకోవాలి, విడిచిపెడితే ఉత్తమరీతిలో విడిచిపెట్టాలి అన్నది ఖుర్ఆన్ (2:229) బోధన. మొహం చూపకుండా, బాకీ తీర్చకుండా, కారణం చెప్పకుండా విడిచిపెట్టడంలో ఉత్తమరీతి ఎక్కడుంది?

“సెలవు దొరకదు, టిక్కెట్టుకు అప్పు చేయాలి, యజమాని పంపడు” అంటారు కొందరు. కొందరి విషయంలో అది నిజమే. కాని మొదటి భార్య గోడు వినడానికి దొరకని సెలవు రెండో నికాహ్‌కు ఎలా దొరుకుతోందో వారే ఆలోచించాలి. నిజంగా రాలేనివాడు తన తరఫున నమ్మకస్థుడైన ప్రతినిధిని పంపాలి. పెద్దల రాజీయత్నం విఫలమైన తర్వాతే, సాక్షుల ఎదుట, ఒక్క తలాఖ్ మాత్రమే ఇవ్వాలి. మహర్, ఇద్దత్ ఖర్చులు, బిడ్డ పోషణ పంపాలి. తాను స్వయంగా వచ్చి చేయలేని దానిని ఇలా పూడ్చాలి. అందుకే దూరం బాధ్యతను పెంచుతుందని అంటున్నాం.

దేశ చట్టం కూడా దూరం నుంచి ఏకపక్షంగా తెంచుకోవడాన్ని అంత తేలిగ్గా ఒప్పుకోదు. 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక తెలుగు దంపతుల వ్యాజ్యంలో, భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్ర కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకుల డిక్రీని 1991లో సుప్రీంకోర్టు గుర్తించలేదు. పెళ్ళి ఏ చట్టం ప్రకారం జరిగిందో ఆ చట్టం ఒప్పే కారణం ఉండాలని, భార్యకు నోటీసు పంపినంత మాత్రాన సరిపోదని చెప్పింది. ఒకే ఊపులో చెప్పే మూడు తలాఖ్‌లను సుప్రీంకోర్టు 2017లో కొట్టివేసింది. 2019 చట్టం ప్రకారం, ఫోను సందేశం రూపంలో చెప్పినా సరే, అది చెల్లదు. చెప్పినవాడికి మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ చట్టంపై మన సమాజంలో భిన్నాభిప్రాయాలున్నాయి. అయితే ఒకేసారి మూడు తలాఖ్‌లు ఇచ్చాడని విని దైవప్రవక్త (స) ఆగ్రహించారన్న విషయం ఏ చట్టమూ రాకముందే మనకు తెలుసు కదా!

ఇంకో అన్యాయం ఉంది. కొందరు తలాఖ్ ఇవ్వరు, ఏలుకోరు. అక్కడ కోర్టు కాగితంతో తాను విముక్తుడవుతాడు, ఇక్కడ ఆమె మాత్రం భార్యగానే మిగిలిపోతుంది. స్త్రీని అలా వేలాడదీయవద్దని ఖుర్ఆన్ (4:129) వారిస్తోంది. అటువంటి స్త్రీకి ఖులా హక్కు ఉంది. సాబిత్ బిన్ ఖైస్ (రజి) భార్య కోరినప్పుడు, మహర్‌గా పొందిన తోటను తిరిగి ఇప్పించి దైవప్రవక్త (స) ఆమెను విడిపించారు. ఖులాకు భర్త సమ్మతి తప్పనిసరి కాదని 2025లో తెలంగాణ హైకోర్టు కూడా తీర్పునిచ్చింది. విదేశాల్లోని భర్తలు వదిలేసిన స్త్రీల ఫిర్యాదుల కోసం జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవడం కన్నా ఆ తలుపు తట్టడం మేలు.

చివరగా అబ్బాయిల తల్లిదండ్రులకు ఒక మాట. సంబంధం చూసింది మీరు. కోడల్ని ఇంటికి తెచ్చుకున్నది మీరు. నికాహ్ రోజున ముందు వరుసలో కూర్చున్నదీ మీరే. కొడుకు సముద్రం ఆవల నుంచి ఒక్క మాట అనగానే “మేమేం చేస్తాం” అని చేతులు దులుపుకోవడం ధర్మమేనా? కనీసం అతనికి ఫోను చేసి, “ముందు ఆమె బాకీ తీర్చు, మనిషిని పంపు, ఆ తర్వాత మాట్లాడు” అని చెప్పగలరు కదా! జమాఅత్ పెద్దలు కూడా దూరదేశపు సంబంధానికి నికాహ్ చేసేటప్పుడే మహర్ అక్కడికక్కడ ఇప్పించాలి. వరుని పాస్‌పోర్టు, ఉద్యోగపు వివరాల నకళ్ళు అమ్మాయి తండ్రి చేతికి ఇప్పించాలి.

గల్ఫ్‌లో ఉన్నవాడు పాలకాయతిప్పలో ఉన్న భార్యకు దూరంగా ఉండవచ్చు. అల్లాహ్ మాత్రం అతనికి దూరంగా లేడు. ఆమె కన్నీటి లెక్క ఆయన వద్ద భద్రంగా ఉంటుంది. కలిసి బ్రతికేటప్పుడూ, విడిపోయేటప్పుడూ న్యాయం తప్పకుండా నడిచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.