తుఫాను కాకపోయినా



బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వార్త వస్తే చాలు, జైపూర్‌లో పూజ ముగిశాక నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఫాదర్, తుఫాను అయితదా?" ఓపెన్‌కాస్టు గనిలో పనిచేసే కుటుంబాలకు ఇది కాలక్షేపపు ప్రశ్న కాదు. వాన పడితే క్వారీలో నీరు నిలుస్తుంది, డంపర్ల దారి జారుతుంది, బొగ్గు ఆగుతుంది.

అయితే ఆ ప్రశ్నలో ఒక పొరపాటుంది. నేనూ అందులో పడ్డాను.

2022 జూలైలో వాగు ఒడ్డున ఉండే మన విచారణ అవ్వ ఒకరు, మేకపిల్లలను తోలుకొని కూతురింటికి పోవాలా అని అడిగింది. సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నోరు ఊరుకోదు కదా! "జూలైలో తుఫానులు అరుదవ్వా. కింద గాలి పడమటి నుండి, పైన గాలి తూర్పు నుండి వీస్తాయి. సుడి నిలబడకముందే చెదిరిపోతుంది. ఇది ఉత్త అల్పపీడనం" అన్నాను.

నా మాట నిజమైంది. తుఫాను రాలేదు. గోదావరి వచ్చింది. మంచిర్యాల కాలనీల్లో నీళ్లు చేరాయి. భద్రాచలం వద్ద నది 71.3 అడుగులకు లేచింది. అవ్వను రాత్రిపూట పక్కింటి పిల్లలు ఎత్తుకొని బయటపడేశారు. మేకపిల్లలు పోయాయి. ఆ తర్వాతి ఆదివారం ఆమె, "మీరు చెప్పినట్టే తుఫాను రాలే ఫాదర్" అన్నది. ఎగతాళి కాదు, నమ్మకంతోనే అన్నది. నేను తలెత్తలేకపోయాను.

గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరితేనే వాతావరణ శాఖ తుఫాను అంటుంది. అంటే ఆ పేరు గాలికే గాని వానకు కాదు. 2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటినది తీవ్ర వాయుగుండమే, ఆ రాత్రే హైదరాబాదు మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడూ వాయుగుండమే. గాలిని తక్కువ చేయడం లేదు. 1977లో దివిసీమ ఉప్పెనను ఎవరు మరువగలరు? కాని సముద్రానికి ఇంత దూరాన మన భయం వానదే.

లూకా సువార్త 12వ అధ్యాయంలో ప్రభువు, పడమట మబ్బు చూసి వాన అని చెప్పగలవారిని మందలించారు. (ఆ దేశానికి సముద్రం పడమట, మనకు తూర్పు.) మబ్బును చదవడం తప్పనలేదు. ఎదుట ఉన్న కాలాన్ని చదవలేదని ఆయన బాధ. ఆ రోజు నా ఎదుట ఉన్నది మబ్బు కాదు, అవ్వ.

ఇక అల్పపీడనం అన్న మాట వినబడగానే గుడి హాలు తెరిచి ఉంచుతాం. తాళంచెవి ఉపదేశి ఇంట్లో ఉంటుంది. అవ్వకు ముందే చెప్పాను. మేకలను కూడా తెస్తానన్నది. తేనివ్వండి.