నాగలి వెనుక నడిచినవారెవరు?

పూర్వకాలపు సేద్యాన్ని కళ్లకు కట్టినట్లు చూపే సజీవ ప్రదర్శనశాలలు అమెరికాలో అనేకం ఉన్నాయి. పల్లె జీవితం ఎలా ఉండేదో పిల్లలకు చూపాలని మనం వారిని అక్కడికి తీసుకువెళ్తాము. అది మంచి పనే. అయితే ఒక ధర్మసందేహం మిగులుతుంది. ఒకప్పటివారి కష్టాన్ని నేడు మనం వేడుకగా చూడవచ్చునా? చూడవచ్చునంటే, ఎలా చూడాలి?

అయోవా రాష్ట్రంలో డిమోయిన్ నగరం చెంత, 1970లో నెలకొల్పిన లివింగ్ హిస్టరీ ఫార్మ్స్‌నే తీసుకుందాము. అక్కడ మూడు కాలాల పొలాలు ఒకే చోట కనిపిస్తాయి. 1700 నాటి అయోవే తెగవారి పొలంలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండుతాయి. ఆ తెగలో సేద్యం స్త్రీల పని. 1850 నాటి వలస రైతు పొలాన్ని ఎద్దులు దున్నుతాయి. 1900 నాటి పొలంలో ఆ పని గుర్రాలది. ఎద్దుల మెడపై కాడిని చూడగానే మనలో చాలామందికి సొంత ఊరి పొలాలు గుర్తుకు వస్తాయి, మనసు కరుగుతుంది.

మొదటి పొలం నుండి రెండవ పొలానికి మనం కొంతసేపటిలో నడిచి వెళ్తాము. చరిత్రలో ఆ దూరం 150 ఏళ్లు. ఆ నడుమ అయోవే ప్రజలు ఒప్పందాల పేరిట తమ భూములు కోల్పోయారు. 1836 నాటి ఒప్పందంతో వారు మిస్సోరీ నదికి పడమటి వైపు తరలిపోవలసి వచ్చింది. దుక్కి దున్ని చూపవచ్చును గాని, నేల పోగొట్టుకోవడాన్ని ఎవరు చేసి చూపగలరు? అక్కడ పాతకాలపు పొయ్యి మీద వండి చూపేవారు సాయంత్రం తమ ఇంటికి వెళ్లిపోతారు. పంట పోతే పస్తులుండాలన్న భయం వారికి లేదు.

లూసియానాలోని విట్నీ ప్లాంటేషన్ 2014 డిసెంబరులో ప్రజల కోసం తెరుచుకుంది. అక్కడ చెరకు పండించినది బానిసలు. ఆ ప్రదర్శనశాలలో దొరగారి భవనం కంటె బానిసల గుడిసెలకు, రాతిపై చెక్కిన వారి పేర్లకే ప్రాధాన్యం. ఆ పేర్ల ముందు నిలిచి ఆ తోటను ఉత్త అందమైన తోటగా చూడడం సాధ్యం కాదు.

చెరకు అనగానే మాకు మా పూర్వులు గుర్తుకు వస్తారు. 1860 నుండి 1911 వరకు 1,52,000 మందికి పైగా భారతీయులు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు ఐదేళ్ల ఒప్పందంపై కూలీలుగా వెళ్లారు. మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువారు వారిలో ఉన్నారు. బానిసత్వమూ ఒప్పందపు కూలీ ఒకటి కావు. ఒప్పందానికి గడువు ఉండేది, పనికి ఎంతో కొంత కూలి ఉండేది. అమ్ముడుపోయిన మనిషికి ఆ రెండూ లేవు. కనుక వారి బాధను మన బాధగా చెప్పుకోరాదు. అయినా మా పూర్వుల గురించి ఓడల జాబితాలలో మిగిలినది ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు. ఆ పేరు ఒక్కటైనా మిగలడం ఎంత విలువైనదో మాకు తెలుసు.

శ్రామికులను దుఃఖమూర్తులుగా మాత్రమే తలచడమూ అన్యాయమే. వారు నేల స్వభావం ఎరిగినవారు, పని నేర్చినవారు, రామభజనలు చేసుకున్నవారు. వారి నేర్పును చూసి పిల్లలు ఆనందిస్తే అందులో తప్పు లేదు. ఆ నేర్పు ఎవరిదో, దాని ఫలం ఎవరికి చేరిందో అడగకుండా ఇంటికి రావడమే లోపం.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. సంక్రాంతికి దేవాలయ ప్రాంగణంలో మనం గుడిసె, ఎడ్లబండి, ధాన్యపు రాశి పెట్టి పల్లెను అలంకరిస్తాము. ఆ ధాన్యానికి నాట్లు వేసిన కూలి స్త్రీకి, ఏడాదికి కుదిరిన పాలేరుకు, తెలంగాణలో వెట్టి చేసినవారికి ఆ అలంకరణలో చోటు ఉన్నదా? ఈసారి పిల్లలతో ఏ పాత పొలానికి వెళ్లినా, ఏ బొమ్మల పల్లెను పేర్చినా, ఈ నేల ఎవరిది, పని ఎవరు చేశారు, వారికి దక్కినదేమిటి అని వారిచేత తెలుగులోనే అడిగిద్దాము. జవాబు దొరకకపోయినా, అడగడం వారికి అలవాటవుతుంది.