బదిలీ కోరుట తప్పా?



మన సంఘపు పడుచువాడొకడు విశాఖపట్నములో తపాలా గుమాస్తాగా పని చేయుచున్నాడు. ఇటీవల ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట అతడు అర్జీ కాగితముతో నాయొద్దకు వచ్చెను.

"అయ్యగారూ, నెల్లూరుకు బదిలీ కోరుకొనుచున్నాను. మా అమ్మ మంచము పట్టియున్నదని సంఘకాపరిగా మీరొక ఉత్తరము వ్రాసి యిచ్చెదరా?" అని అడిగెను.

ఆ తల్లి ఆ ఉదయమే కఱ్ఱ ఊతగా గుడికి నడచి వచ్చినది. ఆ మాట నేననగా అతడు తల వంచుకొని, "ఉన్నది ఉన్నట్లు వ్రాసిన కాగితమును ఎవరు చూచెదరండీ?" అనెను.

నేనతనిని గద్దింపలేకపోతిని. ఏలయనగా కొన్ని సంవత్సరముల క్రిందట నేనును బదిలీ కోరినవాడనే. పిల్లల చదువు కొరకని పెద్దలకు వ్రాసితిని. సంఘములో ఇద్దరితో నాకు మాటలు లేకపోవుటయే అసలు కారణము. బదిలీ దొరకెను. అయితే నాతోకూడ నా కోపమును క్రొత్త ఊరికి వచ్చెను. ఏడాది తిరుగకముందే అక్కడను ఒకరితో మాటలు మానితిని.

అట్లయిన బదిలీ కోరుటయే తప్పా? కాదు. నెహెమ్యా గ్రంథము 2వ అధ్యాయము చూడుడి. షూషను కోటలో రాజునకు పానపాత్ర అందించు ఉద్యోగి యెరూషలేమునకు పంపుమని అర్తహషస్త రాజును వేడుకొనెను. అతడు వార్త విన్నది కిస్లేవు మాసములో. నోరు తెరచి అడిగినది నీసాను మాసములో. సుమారు నాలుగు నెలలు ప్రార్థనతో కనిపెట్టెను. అడుగునప్పుడు మిక్కిలి భయపడెను. అయినను కారణము దాచలేదు. ఎంతకాలము పట్టునని అడిగినప్పుడు గడువు చెప్పెను. కావలసిన తాకీదులను బాహాటముగా అడిగి తీసికొనెను. యోనాయు ప్రయాణమాయెను, కేవు తానే యిచ్చుకొనెను. అయితే అతడు తనకు అప్పగింపబడిన పనినుండి పారిపోయెను. కాబట్టి స్వంత ఖర్చుతో వెళ్లినంతమాత్రమున వెళ్లుట న్యాయము కాదు.

కోరి వెళ్లువాడు కొంత పోగొట్టుకొనవలెను. తపాలా శాఖలో 38వ నిబంధన క్రింద స్వంత కోరికపై మరియొక చోటికి వెళ్లినవాడు అక్కడి సీనియారిటీ పట్టీలో అందరికిని క్రిందివాడగును. ప్రయాణపు బత్తెమును రాదు. "పది సంవత్సరముల సీనియారిటీ పోయినను అమ్మ దగ్గర ఉండవలెనండీ" అని ఆ పడుచువాడు చెప్పినప్పుడు, అతని కోరిక నిజమైనదని తెలిసికొంటిని. నిజమైన కోరికకు అబద్ధపు ఉత్తరమేల?

బదిలీ కోరువారు తమ్మును తాము రెండు ప్రశ్నలు అడుగుకొనవలెను. నేను వెళ్లుటవలన ఎవరి భారము తగ్గును? నేను విడిచిన భారము ఎవరి భుజముమీద పడును? మొదటిదానికి నా భారము మాత్రమే అని జవాబు వచ్చినయెడల ఇంకను కొన్నాళ్లు ఆగుట మేలు. రెండవదానిని తలంచువాడు లెక్కలు సరిచూచి, వచ్చువానికి పని నేర్పి, బల్ల శుభ్రపరచి మరీ వెళ్లును.

చివరకు ఉత్తరము వ్రాసితిని. ఆ తల్లి నడవగలదనియు, చీకటి పడిన తరువాత చూపు ఆనదనియు, ఇంటిలో ఒంటరిగా ఉన్నదనియు, ఈమెకు ఇతడొక్కడే కుమారుడనియు వ్రాసితిని. అతడు చదువుకొని, "ఇది చాలునాండీ?" అని అడిగెను. "చాలునో చాలదో నాకు తెలియదు నాయనా, ఇది నిజము" అంటిని. అతడు దానినే అర్జీకి జతచేసెను.

జవాబు ఇంకను రాలేదు. సుమారు 600 కిలోమీటర్ల దూరమునుండి అతడు ప్రతి రాత్రి తల్లికి ఫోను చేయుచున్నాడు. బదిలీ దొరకినను దొరకకపోయినను, అతడు ఆమె యెదుట తల వంచుకొనవలసిన పని లేదు.